హెక్ 293 కణాల నుంచి ప్రొటీన్ ఎక్కువగా రావాలంటే ఏం చేయాలి

లీటరు కల్చర్ వేసి, వారం రోజులు కాచుకుని, ప్రొటీన్‌ని వేరుచేసే కాలమ్ మీద నడిపి, చివరికి చూస్తే రెండు మిల్లీగ్రాముల ప్రొటీన్ కూడా లేకపోతే ఎంత నీరసం వస్తుందో ఆ పని చేసినవాళ్లకే తెలుసు. అప్పుడు దాదాపు అందరం ముందు అనుమానపడేది ట్రాన్స్‌ఫెక్షన్ రీఏజెంట్‌నే, అంటే సెల్స్ లోపలికి డీఎన్‌ఏని చేర్చే పదార్థాన్నే. కొత్త బాటిల్ తెప్పిస్తాం, తర్వాత ఇంకా ఖరీదైనది తెప్పిస్తాం, మళ్లీ అదే రెండు మిల్లీగ్రాములు. ఇలా నేను చాలా నెలలు పోగొట్టుకున్నాను, మీకు ఆ నెలలు మిగలాలనే ఇది రాస్తున్నాను. దిగుబడి చాలావరకు ట్రాన్స్‌ఫెక్షన్ రోజున తేలేది కాదు. అంతకుముందు రెండు మూడు వారాలు సెల్స్‌ని ఎలా చూసుకున్నారో దాన్నిబట్టే తేలిపోతుంది. నారు బాగోకపోతే ఎరువు ఎంత వేసి ఏం లాభం?

ఇక్కడ చెప్పేదంతా ద్రవంలో తేలుతూ పెరిగే హెక్ 293 సస్పెన్షన్ సెల్స్‌లో (హెక్ అంటే మనిషి పిండం కిడ్నీ కణాలు), సీరం లేని మీడియాలో (సెల్స్ పెరిగే పోషక ద్రవంలో), పీఈఐ అనే పాలీఇథిలీన్‌ఇమీన్‌తో చేసే ట్రాన్సియెంట్ ట్రాన్స్‌ఫెక్షన్, అంటే డీఎన్‌ఏ కొద్ది రోజులే పనిచేసే పద్ధతి గురించి. యాంటీబాడీ కావాలన్నా, సెల్ బయటికి స్రవించే ఇంకేదైనా ప్రొటీన్ కావాలన్నా ఇదే దారి. ప్లేటుకి అంటుకుని పెరిగే సెల్స్ వాడేవాళ్లకి కూడా సగం పైగా పనికొస్తుంది. జీనోమ్ వ్యాలీలో కొత్తగా చేరినవాళ్లు, యూనివర్సిటీలో పీహెచ్‌డీ మొదలుపెట్టినవాళ్లు, బయటి దేశాల్లో ల్యాబుల్లో ఒంటరిగా తంటాలు పడుతున్న మనవాళ్లు, ఎవరైనా సరే షేకర్, హుడ్, సెల్ కౌంటర్ ఉంటే చాలు. రీకాంబినెంట్ డీఎన్‌ఏ పని కాబట్టి మీ సంస్థ బయోసేఫ్టీ కమిటీ అనుమతి ముందే తీసుకోండి, అది లేకుండా మొదలుపెట్టకండి.

అసలు ఈ సెల్సే ఎందుకు అనే ప్రశ్నకి చిన్న సమాధానం ఉంది, అది తర్వాత పనికొస్తుంది. 1973లో నెదర్లాండ్స్‌లోని లైడెన్‌లో, అలెక్స్ వాన్ డర్ ఎబ్ ల్యాబులో ఫ్రాంక్ గ్రాహం మనిషి పిండం కిడ్నీ కణాల్లోకి ఎడినోవైరస్ 5 డీఎన్‌ఏ ముక్కల్ని పంపించి ఈ కణాల్ని తయారుచేశాడు. అది ఆయన 293వ ప్రయోగం, పేరు అలా వచ్చింది. అప్పుడు చేరిన ముక్కలో ఉన్న ఈ1ఏ అనే జన్యువు సీఎంవీ ప్రొమోటర్‌ని, అంటే జన్యువుని నడిపించే ఒక స్విచ్ లాంటి వరుసని, బాగా ఉత్సాహపరుస్తుంది. అందుకే సీఎంవీ ప్రొమోటర్ ఉన్న ప్లాస్మిడ్ (మన జన్యువుని మోసే గుండ్రటి డీఎన్‌ఏ) ఈ సెల్స్‌లో అంత గట్టిగా పనిచేస్తుంది. పీఈఐతో కట్టిన డీఎన్‌ఏని తేలిగ్గా లోపలికి తీసుకోవడం కూడా వీటికున్న గుణం.

1. ముందు సెల్స్ సంగతి చూడండి

మీ ల్యాబులో ఇప్పుడు తిరుగుతున్న ఫ్లాస్క్ ఎక్కడి నుంచి వచ్చింది, ఎన్నో పాసేజ్ (కొత్త మీడియాలోకి పలచబరిచి మార్చడం ఇది ఎన్నోసారి), ఎవరికైనా తెలుసా? తెలియకపోతే దాన్ని పక్కన పెట్టండి. నమ్మకమైన చోటి నుంచి, అంటే కంపెనీ నుంచి గానీ, పుణేలోని ఎన్‌సీసీఎస్ లాంటి సెల్ రిపోజిటరీ నుంచి గానీ తెప్పించుకుని, వచ్చిన వారంలోనే గడ్డకట్టించి బ్యాంకు చేసుకోండి. ముందు పది వయల్స్ మాస్టర్ బ్యాంకు, అందులో ఒకటి పెంచి ఇరవై ముప్ఫై వయల్స్ వర్కింగ్ బ్యాంకు. ప్రతి వయల్ మీద పాసేజ్ నంబరు, తేదీ, సెల్ కౌంట్ ఉండాలి.

నా అనుభవం చెబుతాను. ఒక చోట పనిచేస్తున్నప్పుడు మూడు నెలల పాటు ఒకే యాంటీబాడీ దిగుబడి నెలనెలా తగ్గుతూ వచ్చింది. పీఈఐ మార్చాం, మీడియా లాట్ మార్చాం, ప్లాస్మిడ్ మళ్లీ తీశాం. చివరికి పాత నోటుబుక్కులన్నీ తిరగేస్తే తేలింది ఏమిటంటే అప్పటికి ఆ సెల్స్ 60వ పాసేజ్ దాటాయి, ఎవరూ కొత్త వయల్ కరిగించలేదు, ఎందుకంటే పెరుగుతున్నాయి కదా అని. పెరగడం వేరు, డీఎన్‌ఏ తీసుకుని ప్రొటీన్ చేయడం వేరు. పాసేజ్‌లు ఎక్కువయ్యేకొద్దీ వేగంగా చీలే సెల్స్ మిగతావాటిని తోసేస్తాయి, అవే మంచి ఉత్పత్తి ఇస్తాయన్న హామీ లేదు. కొత్త వయల్ తీశాక, అదే పీఈఐతో, అదే ప్లాస్మిడ్‌తో, పాత దిగుబడి తిరిగి వచ్చింది. అప్పటి నుంచి నేను 25, 30 పాసేజ్‌లు దాటనివ్వను. కరిగించాక మొదటి మూడు పాసేజ్‌లు ట్రాన్స్‌ఫెక్ట్ చేయను, అవి ఇంకా కోలుకుంటూ ఉంటాయి.

కరిగించడం గురించి ఒక్క మాట. 37 డిగ్రీల నీళ్లలో వయల్‌ని తిప్పుతూ, చిన్న మంచు ముక్క మిగిలి ఉండగానే బయటికి తీయండి, వెచ్చని మీడియాలోకి నెమ్మదిగా పోయండి.

ఇక రోజువారీ పెంపకం. దిగుబడి ఎక్కువగా పోయేది ఇక్కడే కాబట్టి కొంచెం వివరంగా చెబుతాను. సెల్స్ ఎప్పుడూ లాగ్ ఫేజ్‌లోనే, అంటే వేగంగా రెట్టింపయ్యే దశలోనే ఉండాలి. మామూలు సీరం లేని మీడియాలో మి.లీ.కి 3 నుంచి 5 లక్షల సెల్స్‌తో వేసి, 20 నుంచి 30 లక్షల దగ్గర మళ్లీ పాసేజ్ చేయండి. ఎక్కువ సాంద్రత తట్టుకునే మీడియా అయితే పై హద్దు ఇంకా ఎక్కువ ఉంటుంది, అది మీ మీడియా కాగితంలో రాసి ఉంటుంది, దాన్నే పాటించండి. ఆరోగ్యంగా ఉన్న సస్పెన్షన్ హెక్ సెల్స్ సుమారు ఒక రోజులో రెట్టింపు అవుతాయి. అది 30 గంటలకో 36 గంటలకో జారిందంటే ఏదో తేడా ఉన్నట్టే. వయబిలిటీ, అంటే బతికున్న సెల్స్ వాటా, 95 శాతం పైనే ఉండాలి. చచ్చిన సెల్స్‌కి మాత్రమే ఎక్కే ట్రిపాన్ బ్లూ రంగుతో చూసి 90 వచ్చింది, పర్లేదులే అని ట్రాన్స్‌ఫెక్ట్ చేశారంటే ఆ వారం పని పోయినట్టే లెక్క.

అన్నిటికంటే పెద్ద శత్రువు శనివారం ఆదివారం. శుక్రవారం సాయంత్రం తొందరలో ఎప్పటిలాగే 5 లక్షలతో వేసి వెళ్లిపోతారు, సోమవారం మధ్యాహ్నం వచ్చేసరికి అవి హద్దు దాటి గుంపులు కట్టి, మీడియా పసుపు పచ్చగా మారి ఉంటుంది. అలా ఒక్కసారి హద్దు దాటిన కల్చర్ తర్వాత మామూలుగానే కనిపిస్తుంది, కౌంట్ బాగానే వస్తుంది, కానీ ట్రాన్స్‌ఫెక్షన్ మటుకు సరిగా పడదు. శుక్రవారం వేసేటప్పుడు లెక్క కట్టుకుని తక్కువతో వేయండి. సంక్రాంతికో దసరాకో నాలుగు రోజులు ఊరెళ్తుంటే నడుస్తున్న ఫ్లాస్క్‌ని అలా వదిలేయకండి, ఎవరికైనా అప్పగించండి. అదీ కుదరకపోతే తిరిగొచ్చాక కొత్త వయల్ తీయడమే మంచిది.

ఫ్లాస్క్‌లో ఎంత పోయాలి అన్నది కూడా చిన్న విషయం కాదు. 125 మి.లీ. ఫ్లాస్క్‌లో 30 మి.లీ., లీటరు ఫ్లాస్క్‌లో 200 నుంచి 300 మి.లీ., అంతకు మించొద్దు. గాలి చొరబడే మూత ఉండాలి, 37 డిగ్రీలు, 8 శాతం సీఓటూ, చిన్న ఫ్లాస్క్‌కి నిమిషానికి 120 నుంచి 130 తిప్పులు. ఇక్కడ ఒక కిటుకు ఉంది: షేకర్ ఎంత వెడల్పున తిరుగుతుందో చూసుకోండి. 19 మి.మీ., 25 మి.మీ., 50 మి.మీ. షేకర్లు ఉంటాయి, 125 తిప్పులు అంటే మూడింటిలో ఒకటే కాదు. వెడల్పు పెరిగితే వేగం తగ్గించాలి. వేరే ల్యాబులో బాగా పనిచేసిన పద్ధతి మన దగ్గర పనిచేయకపోతే నేను మొదట చూసేది ఇదే.

మైకోప్లాస్మా అనే అతి చిన్న బ్యాక్టీరియా. దీన్ని మాత్రం తేలిగ్గా తీసుకోకండి. మైక్రోస్కోపులో కనబడదు, మీడియా మసక బారదు, సెల్ వాల్ లేదు కాబట్టి పెన్సిలిన్‌కి లొంగదు, 0.22 మైక్రాన్ ఫిల్టర్‌ని కూడా కొన్నిసార్లు దాటిపోతుంది. మీ సెల్స్‌కి అందాల్సిన ఆహారం తినేస్తూ కూర్చుంటుంది, మీకు తెలిసేది దిగుబడి పడిపోయాకే. నెలకోసారి పీసీఆర్ చేయండి, కొత్త సెల్స్ వస్తే ఫలితం వచ్చేదాకా వేరే ఇన్‌క్యుబేటర్‌లో ఉంచండి. పాజిటివ్ వస్తే మందులేసి కాపాడుకోవాలని చూడొద్దు, మళ్లీ దొరకని సెల్ లైన్ అయితే తప్ప. ఆటోక్లేవ్ చేసి పడేసి బ్యాంకు నుంచి కొత్తది తీయండి. యాంటీబయాటిక్స్ లేకుండానే పెంచడం అలవాటు చేసుకోండి, అవి చేతి శుభ్రతలో లోపాల్ని కప్పిపుచ్చుతాయి.

2. ప్లాస్మిడ్

ప్లాస్మిడ్‌ని బ్యాక్టీరియా నుంచి శుద్ధి చేయడానికి మిడి ప్రెప్ గానీ మ్యాక్సి ప్రెప్ గానీ చేయండి, మినీ ప్రెప్ డీఎన్‌ఏతో దిగుబడి లెక్కలు చూడకండి. కాంతిని పీల్చుకోవడాన్ని 260, 280, 230 నానోమీటర్ల దగ్గర కొలిస్తే 260/280 నిష్పత్తి 1.8 పైన, 260/230 నిష్పత్తి 2 దగ్గర లేదా పైన ఉండాలి. ఈ రెండోదాన్ని చాలామంది చూడరు, అక్కడ తక్కువ వస్తే లవణాలో, కాలమ్ బఫర్‌లోని గ్వానిడీనో మిగిలిపోయిందని అర్థం. జెల్ మీద వేస్తే ఎక్కువ భాగం సూపర్‌కాయిల్డ్‌గా, కిందకి దిగి కనిపించాలి. మి.లీ.కి 1 మి.గ్రా. దగ్గర చేసుకుని, 0.22 ఫిల్టర్‌తో వడకట్టి, ఆ తర్వాత మళ్లీ కొలవండి, ఎందుకంటే ఫిల్టర్‌లో కొంత పోతుంది.

ప్లాస్మిడ్ నిర్మాణంలోనే కొన్ని తప్పులు దొర్లుతాయి. ప్రొటీన్ తయారీ మొదలయ్యే ఏటీజీకి ముందు, ఆ మొదలుని గుర్తుపట్టించే జీసీసీఏసీసీ కొజాక్ వరుస ఉందా, ప్రొటీన్‌ని బయటికి పంపించే సిగ్నల్ పెప్టైడ్ సరైన చోట తెగుతుందా, కోడాన్లు (ఒక్కో అమైనో ఆమ్లాన్ని సూచించే మూడక్షరాలు) మనిషి కణాలకి తగ్గట్టు మార్చారా చూసుకోండి. సిగ్నల్ పెప్టైడ్ మార్చడం ఒక్కదానితో దిగుబడి ఎన్నో రెట్లు మారడం నేను చూశాను, అంత మార్పు ఏ ఖరీదైన రీఏజెంట్‌తోనూ చూడలేదు. కొత్త ప్రొటీన్ మొదలుపెడుతుంటే రెండు మూడు సిగ్నల్ పెప్టైడ్‌లతో ఒకేసారి జన్యువు ఆర్డర్ పెట్టండి, తర్వాత పోయే సమయంతో పోలిస్తే ఆ ఖర్చు ఏమీ కాదు.

యాంటీబాడీ అయితే హెవీ చెయిన్, లైట్ చెయిన్ రెండు వేర్వేరు ప్లాస్మిడ్లలో ఉంటే నిష్పత్తి మీ చేతిలో ఉంటుంది. హెవీ చెయిన్ ఒంటరిగా బయటికి రాలేదు. దానిలో సీహెచ్1 అనే భాగం లైట్ చెయిన్ వచ్చి జత కలిసేదాకా సరిగ్గా ముడుచుకోదు, అప్పటిదాకా బిప్ అనే చాపరోన్ (ప్రొటీన్లు ముడుచుకోవడానికి సాయపడే ప్రొటీన్) దాన్ని ఈఆర్ లోపలే, అంటే స్రవించే ప్రొటీన్లు ముడుచుకునే సెల్ భాగంలోనే, పట్టుకుని ఉంచుతుంది. కాబట్టి లైట్ చెయిన్ కొంచెం మిగులుగా ఉండటం మంచిది. హెవీకి లైట్ 1:1, 1:1.5, 1:2 మూడూ వేసి చూడండి. యాంటీబాడీని బట్టి మారుతుంది, ఊహించి చెప్పలేం.

3. పీఈఐ తయారీ

పొడిగా దొరికే లీనియర్ పీఈఐ చవక, పద్ధతిగా చేసుకుంటే చాలా నమ్మకమైనది. 1995లో స్ట్రాస్‌బర్గ్‌లో ఝాన్ పాల్ బేర్ బృందం పీఈఐని డీఎన్‌ఏ పంపడానికి వాడొచ్చని చూపించింది, ఇప్పటికీ పెద్ద పరిమాణంలో పనిచేసేవాళ్లకి దీన్ని మించిన చవకైన దారి లేదు. 25 కిలోడాల్టన్‌ల రకం మామూలు నీళ్లలో కరగదు, ఆమ్లం కలపాలి లేదా వేడి చేయాలి. హైడ్రోక్లోరైడ్ రూపంలో వచ్చే 40 కిలోడాల్టన్‌ల రకం గది ఉష్ణోగ్రత దగ్గరే కరుగుతుంది, కొత్తవాళ్లకి నేను దాన్నే చెబుతాను. మి.లీ.కి 1 మి.గ్రా. చొప్పున కరిగించి, సోడియం హైడ్రాక్సైడ్‌తో పీహెచ్ 7కి తెచ్చి, 0.22 ఫిల్టర్‌తో వడకట్టి, చిన్న చిన్న ట్యూబుల్లో మైనస్ 20లో పెట్టండి. ఒకసారి కరిగించిన ట్యూబు 4 డిగ్రీల దగ్గర కొన్ని వారాలు వాడుకోండి, మళ్లీ గడ్డకట్టించొద్దు.

కొత్త బ్యాచ్ చేసిన ప్రతిసారీ పాతదానితో పక్కపక్కనే పెట్టి జీఎఫ్‌పీ (పచ్చగా మెరిసే ప్రొటీన్) ప్లాస్మిడ్‌తో పోల్చండి. ఇది బద్ధకించకూడని పని.

4. చిన్నగా పరీక్షించండి

లీటరు వేసే ముందు 30 మి.లీ. వేయండి. ఈ సలహా అందరికీ తెలుసు, పాటించేవాళ్లు తక్కువ. చూడాల్సినవి మూడే: మి.లీ. కల్చర్‌కి ఎంత డీఎన్‌ఏ, డీఎన్‌ఏకి ఎన్ని రెట్లు పీఈఐ, ఆ సమయానికి సెల్స్ ఎన్ని. డీఎన్‌ఏ 0.5, 1, 1.5 మైక్రోగ్రాములు, పీఈఐ దానికి 2, 3, 4 రెట్లు, ఇలా తొమ్మిది జోడీలు అవుతాయి. 125 మి.లీ. ఫ్లాస్క్‌లు తొమ్మిది లేకపోతే, షేకర్ మీద పెట్టగలిగే 50 మి.లీ. బయోరియాక్టర్ ట్యూబుల్లో 10 మి.లీ. చొప్పున చేయొచ్చు. అన్నిటిలో ఒకే ఫ్లాస్క్ నుంచి తీసిన సెల్స్ ఉండాలి. ఒకటి డీఎన్‌ఏ లేకుండా పీఈఐ మాత్రమే, ఇంకొకటి ఏమీ వేయకుండా, ఈ రెండూ పక్కన ఉండాలి, లేకపోతే సెల్స్ చచ్చిపోయింది విషం వల్లా మరో కారణం వల్లా అన్నది తెలియదు.

జీఎఫ్‌పీ చూసి మురిసిపోకండి. 90 శాతం సెల్స్ పచ్చగా మెరుస్తున్నాయంటే డీఎన్‌ఏ లోపలికి వెళ్లిందని మాత్రమే అర్థం. స్రవించే ప్రొటీన్‌కి అసలు ఇరుకు చాలాసార్లు ఆ తర్వాత, ముడుచుకోవడంలో, ఈఆర్ నుంచి బయటపడటంలో ఉంటుంది. నాకు 60 శాతం పచ్చగా ఉన్న జోడీలో యాంటీబాడీ ఎక్కువ వచ్చి, 90 శాతం ఉన్నచోట తక్కువ వచ్చిన సందర్భం ఉంది, ఎందుకంటే పీఈఐ ఎక్కువైన చోట మూడో రోజుకే సెల్స్ కుంగిపోయాయి. మీకు కావాల్సిన ప్రొటీన్‌నే కొలవండి.

5. ట్రాన్స్‌ఫెక్షన్ రోజు

ముందు రోజు సాయంత్రం సెల్స్‌ని కొత్త మీడియాలో వేయండి, పొద్దున్నకి మంచి ఊపులో ఉంటాయి. ఆ పొద్దున కౌంట్, వయబిలిటీ చూసి, సెంట్రిఫ్యూజ్‌లో 300 జీ దగ్గర 5 నిమిషాలు తిప్పి, పాత మీడియా తీసేసి తాజా వెచ్చని మీడియాలో కలపండి. పాత మీడియాలో పేరుకున్న వ్యర్థాలు కాంప్లెక్స్‌లు (డీఎన్‌ఏ, పీఈఐ కలిసి కట్టుకున్న ముద్దలు) సెల్‌కి చేరకుండా అడ్డుపడతాయి, ఈ ఒక్క పనితోనే తేడా కనిపిస్తుంది. సాంద్రత మామూలు మీడియాలో మి.లీ.కి 10 నుంచి 15 లక్షలు, ఎక్కువ సాంద్రత మీడియాలో 25 నుంచి 30 లక్షలు.

ఇక్కడొక హెచ్చరిక. సెల్స్ గుంపులు కట్టకుండా కొన్ని మీడియాల్లో యాంటీ క్లంపింగ్ ఏజెంట్ కలుపుతారు, అది చాలాసార్లు హెపారిన్ లేదా డెక్స్‌ట్రాన్ సల్ఫేట్ లాంటి నెగటివ్ చార్జి ఉన్న పదార్థం. పీఈఐకి పాజిటివ్ చార్జి. రెండూ కలిస్తే పీఈఐ డీఎన్‌ఏని వదిలేసి దాన్ని పట్టుకుంటుంది, ట్రాన్స్‌ఫెక్షన్ దాదాపు సున్నా అవుతుంది. ఒకసారి నేను పెంపకంలో వాడిన మీడియానే ట్రాన్స్‌ఫెక్షన్‌కీ వాడి ఆరు ఫ్లాస్క్‌లు పోగొట్టాను, కారణం దొరకడానికి పది రోజులు పట్టింది. మీ మీడియాలో అది ఉందో లేదో ఇప్పుడే చూడండి.

30 మి.లీ. కల్చర్‌కి లెక్క ఇలా ఉంటుంది. డీఎన్‌ఏ మి.లీ.కి 1 మైక్రోగ్రాము చొప్పున 30 మైక్రోగ్రాములు, పీఈఐ మూడు రెట్లు అంటే 90 మైక్రోగ్రాములు, మి.లీ.కి 1 మి.గ్రా. స్టాక్ నుంచి 90 మైక్రోలీటర్లు. కాంప్లెక్స్ మొత్తం కల్చర్‌లో పదో వంతు, అంటే 3 మి.లీ. డీఎన్‌ఏని 1.5 మి.లీ. సీరం లేని మీడియాలో గానీ 150 మిల్లీమోలార్ ఉప్పు నీటిలో గానీ కలపండి, పీఈఐని ఇంకో 1.5 మి.లీ.లో కలపండి. తర్వాత పీఈఐని డీఎన్‌ఏలోకి ఒక్కసారిగా పోసి వెంటనే బాగా కలపండి. చుక్క చుక్కగా పోస్తే మొదటి చుక్కలోని డీఎన్‌ఏ ఒకలా, చివరి చుక్కలోది ఇంకోలా కట్టుకుంటుంది.

ఆ తర్వాత 10 నుంచి 15 నిమిషాలు గది ఉష్ణోగ్రత దగ్గర ఉంచండి, టైమర్ పెట్టుకోండి. కాంప్లెక్స్‌లు నిమిషనిమిషానికి పెరుగుతూ పోతాయి. తక్కువ సేపైతే బాగా చిన్నవిగా ఉంటాయి, ఎక్కువ సేపైతే పెద్ద ముద్దలై సెల్ లోపలికి పోలేక పైనే కూర్చుని చంపుతాయి. గది ఉష్ణోగ్రత అని రాసింది ఎక్కువగా 22, 23 డిగ్రీల దేశాల్లో. మే నెలలో ఏసీ పనిచేయని మన గదిలో 34 ఉంటే అది వేరే ప్రయోగం అయినట్టే, హుడ్ పక్కన ఒక థర్మామీటర్ పెట్టుకోండి. ఎనిమిది ఫ్లాస్క్‌లు ఉంటే అన్నిటికీ ఒకేసారి కలిపి వరసగా పోస్తూ వెళ్లకండి, మొదటిదానికి 10 నిమిషాలు, చివరిదానికి 25 నిమిషాలు అయిపోతాయి. రెండేసి చొప్పున కలపండి.

కాంప్లెక్స్ పోసేటప్పుడు ఫ్లాస్క్‌ని చేత్తో తిప్పుతూ పోసి, నేరుగా షేకర్ మీదకి. డీఎన్‌ఏ సెల్ లోపలికి చేరేది మొదటి కొన్ని గంటల్లోనే. ఆ సమయంలో కరెంటు పోయి షేకర్ ఆగితే సెల్స్ అడుగున పేరుకుపోతాయి, కాబట్టి షేకర్‌ యూపీఎస్ మీద ఉందా, సీఓటూ సిలిండర్ ఆ వారానికి సరిపోతుందా ముందే చూసుకోండి.

6. తర్వాతి రోజు నుంచి

లోపలికి డీఎన్‌ఏ వెళ్లాక సెల్స్‌కి పని మొదలవుతుంది, ఆహారం కావాలి. 24 గంటల దగ్గర ట్రిప్టోన్ ఎన్1 అనే కేసిన్ పెప్టోన్‌ని 0.5 శాతం వచ్చేలా కలపడం చవకైన పాత పద్ధతి, ఇప్పటికీ బాగా పనిచేస్తుంది. గ్లూకోజ్ కూడా చూసుకుంటూ ఉండండి, మధుమేహానికి ఇంట్లో వాడే మీటరుతో కూడా ఓ అంచనా దొరుకుతుంది, ఖచ్చితమైన లెక్కకి మాత్రం సరైన అనలైజర్ కావాలి. గ్లూటమిన్‌ని ఇష్టం వచ్చినట్టు పోయొద్దు, అది విరిగి అమ్మోనియా అవుతుంది, సెల్స్‌కి అది పడదు. స్థిరంగా ఉండే ఎలనిల్ గ్లూటమిన్ రూపం వాడితే ఆ బాధ తక్కువ.

ఇంకో ఉపాయం వాల్‌ప్రోయిక్ ఆమ్లం. మూర్ఛ వ్యాధికి ఇచ్చే మందే ఇది. డీఎన్‌ఏని బిగించి మూసేసే హిస్టోన్ డీఎసిటైలేజ్ ఎంజైమ్‌లని ఆపి, లోపలికి వచ్చిన ప్లాస్మిడ్‌ మూతపడిపోకుండా చేస్తుంది, దాంతో ప్రొటీన్ ఎక్కువ రోజులు వస్తుంది. ట్రాన్స్‌ఫెక్షన్ అయిన 16 నుంచి 24 గంటలకి 2 నుంచి 4 మిల్లీమోలార్ వచ్చేలా కలపండి. సోడియం బ్యూటిరేట్ కూడా ఇదే పని చేస్తుంది. అయితే ఇవి సెల్స్ చీలడాన్ని ఆపుతాయి, మోతాదు ఎక్కువైతే చంపుతాయి. అందుకే 2 దగ్గర మొదలుపెట్టి, మీ ప్రొటీన్‌తో చూసుకుంటూ పైకి వెళ్లండి. ఇప్పటికే కుంగిన కల్చర్‌లో ఇది వేస్తే ఇంకా కుంగుతుంది. అంటే మళ్లీ మొదటి మెట్టు దగ్గరికే వస్తున్నాం.

ముడుచుకోవడం కష్టమైన ప్రొటీన్ అయితే 24 గంటల తర్వాత ఉష్ణోగ్రత 32, 33 డిగ్రీలకి తగ్గించి చూడండి. కొన్నిటికి బాగా పనిచేస్తుంది, కొన్నిటికి ఏ తేడా ఉండదు.

7. ఎప్పుడు తీయాలి, ఎలా కొలవాలి

రోజూ అర మి.లీ. తీసి కౌంట్, వయబిలిటీ రాసుకోండి, సెల్స్ తీసేశాక మిగిలిన ద్రవాన్ని, అంటే సూపర్‌నేటెంట్‌ని దాచండి. ఐదో రోజు నుంచి ఏడో రోజు మధ్య తీయడం మామూలు. రోజుల లెక్క కంటే వయబిలిటీ లెక్క మంచిది: 70 శాతం కిందకి పోనివ్వొద్దు. సెల్స్ పగిలితే లోపలి ప్రొటియేజ్‌లు, డీఎన్‌ఏ బయటికి వచ్చి, కష్టపడి చేసినదాన్ని కోసేస్తాయి, కాలమ్‌ని మూసేస్తాయి. ఒక్క రోజు ఎక్కువ ఆగితే ఇంకొంచెం వస్తుందన్న ఆశతో బాగున్న ప్రొటీన్‌ని ముక్కలు చేసుకున్నవాళ్లు చాలామంది.

యాంటీబాడీ అయితే దాన్ని పట్టుకునే ‘ప్రొటీన్-ఏ’ అనే కాలమ్ మీద నడిపి, పీహెచ్ 3 నుంచి 3.5 దగ్గర దింపి, వెంటనే ట్రిస్‌తో తటస్థం చేయండి. 280 నానోమీటర్ల దగ్గర 1.4 వస్తే సుమారు మి.లీ.కి 1 మి.గ్రా. ఐజీజీ (మామూలు యాంటీబాడీ రకం). జెల్ మీద రెడ్యూస్ చేస్తే (చెయిన్ల మధ్య బంధాలు తెంపితే) 50, 25 కిలోడాల్టన్‌ల దగ్గర రెండు గీతలు, చేయకపోతే 150 దగ్గర ఒకటి కనబడాలి. నికెల్ కాలమ్‌కి అంటుకునే హిస్ ట్యాగ్ ఉన్న ప్రొటీన్ అయితే మీడియాలోని కొన్ని పదార్థాలు కాలమ్ నుంచి నికెల్‌ని లాగేస్తాయి, కాలమ్ తెల్లబడిందంటే అదే. బఫర్ మార్చాక ఎక్కించండి, లేదా నికెల్ గట్టిగా పట్టుకునే రెసిన్ వాడండి. చాలాసార్లు తక్కువ వచ్చింది అనుకున్న ప్రొటీన్ తక్కువేం రాలేదు, కాలమ్ దాటి కిందకి పోయింది. ఆ కిందకి పోయిన ద్రవాన్ని, అంటే ఫ్లో త్రూని పారబోయకండి, లెక్క తేలేదాకా ఉంచండి.

దిగుబడిని లీటరుకి ఎన్ని మిల్లీగ్రాములు అని మాత్రమే కాకుండా, సెల్‌కి రోజుకి ఎన్ని పికోగ్రాములు అని కూడా కట్టండి. మొదటి అంకె తగ్గి రెండోది అలాగే ఉంటే సెల్స్ చాలినన్ని లేవు, పెంపకం చూడాలి. రెండోదే తగ్గితే డీఎన్‌ఏ, పీఈఐ, నిర్మాణం చూడాలి. ఈ ఒక్క లెక్క నాకు ఎంతో వెతుకులాటని తప్పించింది.

8. అయినా రాకపోతే

అడుగున చేరిన సెల్ పెల్లెట్‌ని పారేయకుండా లైస్ చేసి (పగలగొట్టి), సూపర్‌నేటెంట్‌తో పాటు వెస్టర్న్ (మన ప్రొటీన్‌ని యాంటీబాడీతో గుర్తించే పరీక్ష) వేయండి. లోపల ఎక్కువ, బయట తక్కువ ఉంటే స్రావం దగ్గర ఆగిపోయింది: సిగ్నల్ పెప్టైడ్ మార్చండి, ఉష్ణోగ్రత తగ్గించండి, డీఎన్‌ఏ తగ్గించి చూడండి (అవును, తగ్గించి, ఈఆర్ మీద బరువు తగ్గితే బయటికి ఎక్కువ వచ్చిన సందర్భాలున్నాయి). లోపలా బయటా రెండిట్లోనూ లేకపోతే ప్లాస్మిడ్‌ని మొదటి నుంచి చివరిదాకా సీక్వెన్స్ చేయించండి, ఒక అక్షరం ఎక్కువో తక్కువో అయి చదివే వరుస జరిగిపోయే ఒక్క ఫ్రేమ్‌షిఫ్ట్ కోసం రెండు నెలలు మీడియా మార్చినవాళ్లు నాకు తెలుసు. రెండిట్లోనూ ముక్కలుగా కనిపిస్తే ఒక రోజు ముందే తీయండి, ప్రొటియేజ్ ఇన్హిబిటర్ కలపండి.

చిన్న ఫ్లాస్క్‌లో బాగా వచ్చి లీటరులో పడిపోతే, ఒకే పెద్ద ఫ్లాస్క్ బదులు నాలుగు లీటరు ఫ్లాస్క్‌లలో 250 మి.లీ. కల్చర్ చొప్పున వేయండి, ఆక్సిజన్ సమస్యా కాదా అన్నది ఆ ఒక్క వారంలోనే తేలుతుంది. కాంప్లెక్స్ పరిమాణం పెరిగినప్పుడు కలపడం కూడా నెమ్మదిస్తుంది, 100 మి.లీ. కాంప్లెక్స్‌ని సీసాలో ఊపితే 3 మి.లీ. ట్యూబులా కలవదు. దాన్ని కూడా నాలుగు భాగాలు చేసి, ఒక్కోదానికీ విడిగా టైమర్ పెట్టి పోయండి.